మురుగు ఏటిపాలు, జరిమానా ఎవరిపాలు?



మనం గిన్నెలు తోమి, బియ్యం కడిగి, బట్టలు జాడించి తూములోకి వదిలే నీళ్ళు ఎక్కడికి పోతాయి? వీధి కాలువలోకి, అంటారు మీరు. ఆ తర్వాత? కాలువలోంచి మరెక్కడికో. ఆ ‘మరెక్కడికో’ దగ్గర మన పాత ఖమ్మం జిల్లాకు ఒక విచిత్రం ఉంది. ఖమ్మం పట్టణంలో తూము జారిన నీరు మున్నేటిలో పడుతుంది, మున్నేరు వెళ్ళి కృష్ణలో కలుస్తుంది. అదే కొత్తగూడెంలో అయితే ముర్రేడు వాగులోకి, అక్కణ్ణించి కిన్నెరసానిలోకి, కిన్నెరసానితోపాటు బూర్గంపాడు దగ్గర గోదావరిలోకి. భద్రాచలంలో ఈ మధ్యవర్తులు కూడా లేరు. కరకట్ట దాటితే గోదావరే. అంచేత ఖమ్మంలో అక్క, కొత్తగూడెంలో చెల్లెలు కాపురముంటే, అక్క గిన్నెలు కడిగిన నీళ్ళు హంసలదీవి వైపు, చెల్లెలివి అంతర్వేది వైపు ప్రయాణం కడతాయన్నమాట.

ఈ నీళ్ళను దారిలో ఆపి, శుభ్రంచేసి, ఆ తర్వాతే ఏటికి వదలాలని మురుగునీటి శుద్ధి కేంద్రాలు కడుతున్నారు. బాగుంది. కాని ఆ కేంద్రమే సరిగా నడవక ఏటిని పాడుచేస్తే ఏం శిక్ష? ఆ జరిమానా చివరికి ఎవరి కొంగుముడి విప్పిస్తుంది? ఇదీ ఇవాళ మనం మాట్లాడుకోబోయేది. ఇంజనీర్ల గొడవ మనకెందుకని రేడియో కట్టేయకండి. ఇందులో ఉన్న లెక్కంతా పాలవాడి లెక్క, పెరుగు తోడు లెక్క. మనకు తెలియనిదేం కాదు.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశం మొత్తంమీద 351 నదీభాగాలు చెడిపోయాయని జాబితా వేసింది. అందులో తెలంగాణవి 8. మూసీ ఉంటుందని ఎవరైనా చెప్పగలరు. కాని ఆ 8లో మన కిన్నెరసాని పేరుంది, పాల్వంచ పక్కన పారే కరకవాగు పేరుంది, ‘బాసర నుంచి ఖమ్మం దాకా’ అంటూ గోదావరి పేరు కూడా ఉంది. ఇక్కడ ఖమ్మం అంటే ఊరు కాదు లెండి, పాత జిల్లా. గోదావరి ఖమ్మం ఊళ్ళోకి రాదు కదా.

కిన్నెరసాని అంటే మనకు విశ్వనాథ సత్యనారాయణగారి పాటలే ముందు జ్ఞాపకం వస్తాయి. అత్తింటి బాధ పడలేక అడవిలో ఏరై కరిగిపోయిన కోడలుగా చెప్పారాయన ఆమెను. ఆ కోడలి అవస్థ ఇప్పటికీ తీరినట్టు లేదు. ఎగువన యానంబైలు దగ్గర ఆనకట్ట కట్టారు. చుట్టూ అభయారణ్యం. ఆ జలాశయం నీళ్ళే పాల్వంచ విద్యుత్ కేంద్రానికీ, కొత్తగూడెం, పాల్వంచ కుళాయిలకూ వెళతాయి. దిగువకు వచ్చేసరికి అవే ఊళ్ళ మురుగు అదే ఏటిలోకి దిగుతుంది. పైమెట్టు మీద బిందె ముంచుకుని, కిందమెట్టు మీద చీపురు కడిగినట్టు. ఆ కిందమెట్టుకు దిగువన మనుషులు లేరా? ఉన్నారు. కోయగూడేలున్నాయి. ఎండాకాలం వాగు ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి బిందె నింపుకునే ఆడవాళ్ళున్నారు. పైనుంచి వచ్చేది మురుగైతే ఇసుక పైపై మడ్డిని పట్టుకుంటుంది గాని లోపల కరిగి ఉన్నదాన్ని పట్టుకోలేదు. పాల్వంచ బూడిదనీళ్ళ సంగతి దీనికి వేరు. దానికి మరొక రోజు పెట్టుకుందాం.

నీరు చెడిందో లేదో ఎలా కొలుస్తారు? గంజినీళ్ళు, కూరల కడుగు, సబ్బునురుగు, మరుగుదొడ్డి నీరు, వీటన్నిటినీ ఏట్లోని సూక్ష్మజీవులు తింటాయి. తినేటప్పుడు నీళ్ళలోని ప్రాణవాయువును వాడేసుకుంటాయి. తిండి ఎక్కువైతే ప్రాణవాయువంతా అవే తీసేసుకుంటాయి, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఒక లీటరు నీళ్ళలోని మలినాన్ని తినడానికి ఎంత ప్రాణవాయువు కావాలో కొలిచే కొలతను బి.ఓ.డి. అంటారు. స్నానానికి పనికివచ్చే నీళ్ళలో అది 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మన కాలువనీటిలో 200 పైన ఉండడం మామూలే. 2017 నిబంధనల ప్రకారం శుద్ధి కేంద్రం వదిలే నీటిలో మహానగరాల్లో 20, మిగతా ఊళ్ళలో 30 దాకా ఉండవచ్చు.

చూశారా, ఇక్కడే ఒక మెలిక. కేంద్రం ఎంత బాగా నడిచినా 30తో వదలవచ్చు. అది 3కు దిగాలంటే ఏట్లో మంచినీళ్ళు దానికి ఎన్నో రెట్లు ఉండాలి. శ్రావణమాసంలో గోదావరికి అదొక లెక్క కాదు. చైత్రంలో మోకాటిలోతు పారే అడవివాగుకో? కలుపుకోవడానికి నీళ్ళేవి? 2019లో జాతీయ హరిత న్యాయస్థానం ఈ పరిమితుల్ని ఇంకా తగ్గించమన్నది ఊరికే కాదు. నన్నడిగితే వాగుకొక లెక్క, నదికొక లెక్క, ఎండాకాలానికి ఇంకొక లెక్క ఉండాలి.

సరే, శుద్ధి కేంద్రంలో ఏం జరుగుతుంది? ముందు జల్లెడపట్టి గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు ఏరేస్తారు. ఇసుక అడుగున పేరుకునేలా చేస్తారు. తర్వాత పెద్ద తొట్లలో గాలి ఊదుతారు. ఏట్లో చేయవలసిన పనిని సూక్ష్మజీవులు ఆ తొట్లోనే చేస్తాయి. తిని బలిసిన సూక్ష్మజీవులు అడుగున బురదలా దిగుతాయి. పైన తేరిన నీళ్ళు బయటికి పోతాయి. ఆ బురదలో కొంత తీసి మళ్ళీ తొట్లో కలుపుతారు. ఎందుకో చెప్పండి? తోడు! నిన్నటి పెరుగులోంచి ఒక చెంచా తీసి ఇవాళ్టి పాలల్లో వేసినట్టే. ఆ తోడు చెడిందా, తొట్టి చెడినట్టే. మళ్ళీ కుదురుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

తోడు చెడకుండా ఉండాలంటే రాత్రింబవళ్ళు గాలి ఊదుతూనే ఉండాలి. అంటే కరెంటు. కేంద్రం నడిపే ఖర్చులో పెద్దపద్దు కరెంటుదే. ఇక ఊహించండి. కాంట్రాక్టు తీసుకున్నవాడికి నెలకింత అని ముట్టుతుంది. రాత్రిపూట బ్లోయర్లు ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది? వచ్చిన మురుగును తొట్టి చుట్టూ తిప్పి నేరుగా బయటికి పంపే గొట్టం ఒకటి ప్రతిచోటా ఉంటుంది. వానలకు పొంగినప్పుడు వాడుకోవడానికని పెట్టినది. వాన లేని రాత్రి కూడా ఆ గొట్టం మూత తెరుచుకుంటే చీకట్లో ఏరు ఫిర్యాదు చేయదు. ఆపితే మిగిలే కరెంటు డబ్బుకన్నా పట్టుబడితే కట్టే జరిమానా తక్కువైతే, ఆపడమే లాభసాటి బేరమని ఎవడికైనా తోస్తుంది. జరిమానా శాస్త్రమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

మన చట్టం ఏమన్నది? నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. 1976లో మన ఉమ్మడి రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. విషమయమైన నీళ్ళను తెలిసి ఏటిలోకి వదిలితే ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళదాకా జైలు అని రాశారు. వినడానికి గొప్పగానే ఉంది. కాని జైలు వేయించాలంటే నమూనా పద్ధతిగా తీయాలి, పరీక్షశాలకు పంపాలి, కోర్టులో కేసు వేయాలి, ఏళ్ళతరబడి తిరగాలి. అంత పెద్ద శిక్ష చేతిలో ఉండీ వాడలేకపోవడం, పిల్లవాణ్ణి బెదిరించడానికి అటకమీద పెట్టిన బెత్తంలాంటిది. వాడికి తెలుసు, అమ్మ నిచ్చెన వేసుకుని ఎక్కదని.

2024లో ఆ చట్టాన్ని సవరించారు. చాలా నేరాలకు జైలు తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయలదాకా జరిమానా పెట్టారు. వేసేది కోర్టు కాదు, ప్రభుత్వం నియమించిన అధికారి. ఈ సవరణ మొదట హిమాచల్ ప్రదేశ్‌కు, రాజస్థాన్‌కు, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. మిగతా రాష్ట్రాలు శాసనసభలో తీర్మానం చేసి తీసుకోవాలి. జైలు తీసేయడం తప్పని కొందరంటారు. నాకు మాత్రం జైలు పోయినందుకు అంత దిగులు లేదు. 15 లక్షలనే ఆ పైహద్దు మీదనే అనుమానం. రోజుకు లక్షల లీటర్లు వదిలే పెద్దవాళ్ళకు అదొక పండగ ఖర్చు.

అంతకన్నా తెలివైన లెక్క 2019లో కేంద్ర మండలి చెప్పింది. కర్మాగారాలకు పరిహారం రోజుల లెక్కన కట్టాలన్నది. ఎన్ని రోజులు తప్పు చేశావు, నీ పని ఎంత మురికిది, నీ సంస్థ చిన్నదా పెద్దదా, ఊరు ఎంతటిది, వీటిని ఒకదానితో ఒకటి హెచ్చవేయాలి. బాగా మురికిచేసే ఎర్రవర్గానికి 80, దాన్ని 250 రూపాయలతో, పెద్దసంస్థ అయితే ఒకటిన్నరతో హెచ్చవేస్తే, 10 లక్షల జనం లేని ఊళ్ళో రోజుకు 30 వేలు. నెల తిరిగితే 9 లక్షలు. ఎంత చిన్నదైనా రోజుకు 5 వేలకు తగ్గకూడదు. ఇదే మన పాలవాడి లెక్క! ఎన్ని రోజులు పోశాడో అన్ని గీతలు గోడమీద. తప్పు ఎన్నాళ్ళు సాగితే అంత బరువు. రేపు బాగుచేద్దాంలే అనుకునేవాడికి ఆ ‘రేపు’ ఖరీదు ఎంతో తెలుస్తుంది. ఇలాంటి పరిహారం విధించే అధికారం కాలుష్య మండళ్ళకు ఉందా అని చాలాకాలం వాదం నడిచింది. ఉందని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

శుద్ధి కేంద్రమే ఏటిని చెరిచిందంటే నమ్మశక్యంగా లేదా? పటాన్‌చెరు కథ వినండి. పాత మెదక్ జిల్లాలో ఎక్కడో ఉన్న ఊరు మనకెందుకంటారేమో, అక్కడి నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది, ఆ గోదావరే భద్రాద్రి రాముడి పాదాల ముందునుంచి పోతుంది. పటాన్‌చెరు, బొల్లారం కర్మాగారాల మురుగు వాగులనూ పొలాలనూ పాడుచేస్తోందని 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. తర్వాత కంపెనీలన్నీ కలిసి ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం నడిపాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీళ్ళనే పరీక్షించారు. సుమారు 90 మందుల కంపెనీల మురుగు అక్కడికి వచ్చేది. సిప్రోఫ్లాక్సాసిన్ అని డాక్టర్లు జ్వరాలకు రాసే మందు లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా కనిపించింది. ఆ కేంద్రం రోజుకు సుమారు 15 లక్షల లీటర్లు వదిలేది. మీరే హెచ్చవేయండి. రోజుకు 40 కిలోల పైమాట, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలైతే 80 వేలకు పైగా! అంత మందు తాగిన నీళ్ళలో బతికి బట్టకట్టిన సూక్ష్మజీవికి ఇక ఆ మందంటే భయం ఉండదు. రేపు మన పిల్లవాడికి జ్వరమొస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు.

మరి ఏం చేశారు? ఆ నీళ్ళు నక్కవాగులో పడకుండా 18 కిలోమీటర్ల గొట్టం వేసి హైదరాబాదు అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్ళించారు. అక్కడినుంచి మూసీ. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గోదావరి వాకిట్లో చెత్త ఊడ్చి కృష్ణ వాకిట్లో పోశారు! నక్కవాగు రైతులకు మేలు జరగలేదనను. జరిగింది. కాని అంబర్‌పేటలో ఉన్నది ఇళ్ళ మురుగుకు కట్టిన తొట్లు. మందుల కంపెనీ నీళ్ళు పెరుగుతోడును చంపే ఉప్పులాంటివి.

ఇక పెద్దలెక్క. ఊళ్ళన్నీ గడువులోగా శుద్ధి కేంద్రాలు కట్టుకోవాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు దాటితే ఒక్కో కేంద్రానికి నెలకు 10 లక్షల చొప్పున కట్టాలని 2019లో హరిత న్యాయస్థానం అన్నది. 2022 అక్టోబరులో అదే న్యాయస్థానం ద్రవ, ఘన వ్యర్థాలను సరిగా చూసుకోలేదని తెలంగాణ రాష్ట్రానికి 3,800 కోట్ల రూపాయల పరిహారం విధించింది. శుద్ధికాకుండా పోతున్న మురుగు పది లక్షల లీటర్లకు 2 కోట్ల చొప్పున కట్టిన లెక్క అది. ఆ సొమ్ములో సింహభాగం మురుగునీటిదే.

మూడువేల ఎనిమిదివందల కోట్లు! ఎవరి డబ్బు? ప్రభుత్వానిది. ప్రభుత్వానికి ఎవరిచ్చారు? మనం. చీరె కొన్నప్పుడు, ఇంటిపన్ను కట్టినప్పుడు. అంటే మురుగు మనది, ఏరు మనది, జరిమానా కూడా మనదే. పోల్చిచూస్తే మరో వింత. హైదరాబాదులో 31 శుద్ధి కేంద్రాలకు 2021లో ప్రభుత్వం మంజూరుచేసిన మొత్తం 3,866 కోట్లు. జరిమానా కూడా ఇంచుమించు అంతే.

ఇంగ్లాండులో మరో పద్ధతి. అక్కడ మురుగు శుద్ధి ప్రైవేటు కంపెనీల చేతిలో ఉంది. సదరన్ వాటర్ అనే కంపెనీ ఏళ్ళతరబడి శుద్ధిచేయని మురుగును సముద్రతీరంలోకి వదిలిందని 2021లో కోర్టు 9 కోట్ల పౌండ్లు జరిమానా వేసింది. 2025 మేలో థేమ్స్ వాటర్‌కు అక్కడి నియంత్రణ సంస్థ 12 కోట్ల 27 లక్షల పౌండ్లు వేసింది. వేస్తూ ఒక మాట గట్టిగా చెప్పింది: ఈ సొమ్ము కంపెనీ, దాని పెట్టుబడిదారులు కట్టాలిగాని నీటిబిల్లులో జనం మీద రుద్దకూడదని. ప్రైవేటువాళ్ళకు అప్పగించడమే మంచిదని నేననడం లేదు, వాళ్ళ ఏళ్ళు చూస్తే ఆ మాట ఎవరూ అనలేరు. నాకు నచ్చినది ఆ షరతు ఒక్కటే.

మన దగ్గర కేంద్రం మునిసిపాలిటీదే అయినా నడిపేది చాలాచోట్ల కాంట్రాక్టరు. అతని ఒప్పందంలోనే బ్లోయర్లు ఆగిన గంటకింత, బి.ఓ.డి. దాటిన రోజుకింత కోత అని ఉంటే జరిమానా తగలవలసినవాడికి తగులుతుంది. ఆ షరతు లేకపోతే ఊరంతా చందాలు వేసుకుని అతని కరెంటుబిల్లు ఆదాచేసినట్టు. 2022 తీర్పులో ఒక మంచిమాట ఉంది. ఆ సొమ్మును విడిగా ఒక ఖాతాలో ఉంచి, వ్యర్థాలను బాగుచేయడానికే ఖర్చుపెట్టమన్నారు. ఇంట్లో పిల్లవాడి ఫీజుకని పోపులడబ్బాలో విడిగా దాచినట్టు. బాగానే ఉంది. అయితే ఆ ఖర్చు ఊళ్ళో మొదలై ఊళ్ళోనే ఆగిపోతే కిన్నెరసాని కింది గూడేనికి ఏం ముట్టినట్టు? చెలమనీళ్ళు చెడినవాళ్ళకు ముందు ఒక మంచినీటి బోరు, నీళ్ళ పరీక్ష, ఆ తర్వాత ఊరికి కొత్త తొట్టి. నా వరస ఇది. మీ వరస వేరుగా ఉంటే అదీ వాదించదగ్గదే.

భద్రాచలం సంగతి ప్రత్యేకం. 2011 జనాభా లెక్కల్లో 50 వేల పైచిలుకు మనుషులు, ముక్కోటి తెప్పోత్సవానికి, శ్రీరామనవమి కల్యాణానికి వచ్చే యాత్రికులు వేరు. ఏజెన్సీ ప్రాంతం కనుక పట్టణమంత ఊరైనా పంచాయతీగానే నడుస్తూ వచ్చింది. పంచాయతీ రాబడితో అంత ఊరికి మురుగు శుద్ధి నడపమనడం, ఒక్క జీతంతో పెళ్ళివారందరికీ నెలంతా భోజనం పెట్టమనడమే. అక్కడ జరిమానాకన్నా ముందు నడిపే ఖర్చుకు దారి చూపాలి. వరదకాలంలో గోదావరి పైకి లేచిందంటే కరకట్ట తూములు మూసేస్తారు, ఊరి మురుగు ఊళ్ళోనే నిలుస్తుంది, మోటార్లతో ఎత్తి నదిలో పోస్తారు. ఆ రోజులకు ఏ అధికారి ఏ జరిమానా వేయగలడు?

మనం ఏం చేయవచ్చునని అడుగుతారు. అందరూ కోర్టుకు వెళ్ళనక్కరలేదు. ఏ కేంద్రం ఎంత నీరు, ఏ షరతుల మీద వదలవచ్చో కాలుష్య మండలి ఒక రిజిస్టరులో రాసిపెట్టాలని 1974 చట్టంలోనే 25వ సెక్షన్ చెబుతోంది. ఆ నీటివల్ల బాధపడేవాళ్ళు ఎవరైనా దాన్ని చూడవచ్చు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో కేంద్రం కరెంటుబిల్లు నెలనెలా అడగవచ్చు. నీళ్ళ పరీక్ష కాగితాలు మనకు అర్థం కాకపోవచ్చు గాని కరెంటుబిల్లు మనకు అర్థం కానిదా? పోయిన నెలకన్నా సగానికి పడిందంటే బ్లోయర్లు ఎన్ని రాత్రులు నిద్రపోయాయో మీకు వేరే చెప్పాలా! మండలికి 60 రోజుల నోటీసు ఇచ్చి ఎవరైనా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చునని 1988 సవరణలో రాశారు. వార్డులో పదిమంది ఆడవాళ్ళు కలిసి ముందు ఆ రిజిస్టరు చూపించమనండి. కిన్నెరసాని ఒడ్డున చెలమ తోడుకునే కోయ ఆడపడుచుకూ ఆ హక్కు ఉంది, ఆమెను కూడా వెంట తీసుకువెళ్ళండి. ఆఫీసు పనివేళల్లో ఎప్పుడు వెళ్ళినా చూపించవలసిందే.